అడుగునీటి చలి

తూము రాతికంబానికి కట్టిన నీలం దారాన్ని మునెప్ప పైకి లాగుతున్నాడు. బావిలో చేద లాగే మనిషివలె కాదు. పసిబిడ్డ నోటిలో చిక్కుకున్న వెంట్రుకను తీసే తల్లివలె, మెల్లగా, ఎక్కడా చప్పుడు కాకుండా. దారం చివర జానెడు పొడవున్న గాజుపుల్ల నీరు కారుస్తూ పైకి వచ్చింది. తూర్పు కొండల వెనుక వెలుతురు ఇంకా పలచగానే ఉన్నది. అతడు పుల్లను కంటికి దగ్గరగా పట్టుకుని పాదరసం ఎక్కడ ఆగిందో చూశాడు. ఇరవై నాలుగు. నిన్న కూడా అంతే. శివరాత్రి ముందరి రోజులకు అది తగిన వేడే. కట్టమీద ఎవరూ లేరని ఒకసారి తలెత్తి చూసుకుని, పుల్లను తిరిగి నీటిలోకి జారవిడిచాడు. అది నడుములోతున ఆగిపోయింది. దారం పొడవు అంతే.

మదనపల్లెకు పుంగనూరుకు నడుమ, రహదారికి కొంత ఎడంగా ఉన్నది నల్లబండ చెరువు. నీటి మధ్యలో పడుకున్న ఎనుమువలె ఒక నల్లని బండ వీపు పైకి తేలి ఉంటుంది గనుక ఆ పేరు. మునెప్ప వంశీకులు ఆ చెరువుకు నీరుగంటులు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడం వారి వృత్తి. తూముబిరడా బిగుసుకుపోతే ఊపిరి బిగబట్టి అడుగుకు మునిగి దానిని వదులు చేయడం మునెప్ప తన తండ్రి వద్ద నేర్చిన విద్య. తరువాత ఊరినిండా బోర్లు పడ్డాయి. తూముతో ఎవరికీ పనిలేకుండా పోయింది. నీరుగంటి అన్న మాట ఒక్కటి అతని పేరుకు ముందు, మానిన పుండు తాలూకు మచ్చవలె, మిగిలిపోయింది.

ఆ మచ్చకు మళ్ళీ ప్రాణం పోసినవారు మదనపల్లె నుంచి ఉదయం పూట ఈతకు వచ్చే పెద్దమనుషులు. వారొక సంఘంగా ఏర్పడి, మునెప్పను చెరువుకు కాపుగా నియమించుకున్నారు. పని చిన్నది, బాధ్యత పెద్దది. అందరికంటే ముందు అతడు నీటిలోకి దిగాలి. ఎదలోతు వరకు నడిచి, ఒక మునక వేసి, నీరు ఎట్లా ఉన్నదో చెప్పాలి. అతడు పిలిచేవరకు ఎవరూ దిగరు. ఈ నియమాన్ని ఎవరూ కాగితం మీద వ్రాసుకోలేదు. ఎవరూ తప్పనూ లేదు.

ఆ చెరువు నీటికి ఋతువుకొక గుణం. కార్తీకంలో వంక నీరు వచ్చి చేరినప్పుడు ఎర్రగా, అడుగు కనిపించకుండా ఉంటుంది. అప్పుడు ఈత పనికిరాదు. మార్గశిర పుష్యాలలో తెల్లవారుజామున నీటిమీద పొగ లేస్తుంది. బయటి గాలికి పండ్లు కొట్టుకుంటుంటే నీరు మాత్రం పొయ్యి పక్క తిన్నెవలె వెచ్చగా ఉంటుంది. దిగడం సుఖం, ఎక్కడం శిక్ష. మాఘంలో పగటి ఎండ వెచ్చబడినా, రాత్రి చలికి నీరు చల్లబడుతుంది. చైత్రం నాటికి మజ్జిగ వలె హాయిగా తయారవుతుంది. వైశాఖంలో పైనీరు మరచిపోయిన స్నానపు కాగులోని నీటివలె గోరువెచ్చన; మోకాలి కిందనేమో చల్లన. ఆషాఢంలో పడమటి గాలి లేచి, అల మీద అల తోస్తుంది. బండ వైపు పోయినవాడికి తిరుగు ప్రయాణంలో దమ్ము చాలదు.

ఇదంతా మునెప్ప తల ఎరుగదు. అతని అరికాళ్ళు ఎరుగును. కాదు, ఎరిగి ఉండేవి. కిందటి కార్తీకంలో ఒకనాడు ఇంటి నడవలో నెత్తుటి అడుగులు చూసి భార్య ఆదెమ్మ కేక పెట్టింది. మడమలో తుమ్మముల్లు సగం విరిగి ఉన్నది. అది ఎప్పుడు గుచ్చుకున్నదో, దానితో ఎంత దూరం నడిచినాడో మునెప్పకు తెలియదు. కుప్పంలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే కూతురు మునీశ్వరి ఫోనులో విని పోల్చుకున్నది. "షుగరు నాయనా. కాళ్ళ నరాలు సచ్చిపోతాండాయి. ఈడికి రా, సూపిద్దాం" అన్నది. "వస్తాలే" అన్నాడు మునెప్ప. ఆ మరునాడు నీటిలోకి దిగి నిలుచున్నాడు. పైభాగం వణికింది. మోకాళ్ళ కింద ఏమీ లేదు. వేడి లేదు, చలి లేదు, బురద లేదు. ఎవరివో కాళ్ళమీద తాను నిలబడినట్టు ఉన్నది.

ఈ సంగతి సంఘంవారికి చెప్పడానికి అతడు నోరు తెరవలేదు. చెబితే కాపు పోతుంది. కాపు పోతే పోనీ. తెల్లవారి లేచి తాను ఎక్కడికి పోవాలి? ఊరి పాలకేంద్రంలో పాలు పోయించుకునే పని ఆదెమ్మది. ఒకనాడు ఆమె పాలలో గాజుపుల్ల ముంచి వేడి చూస్తుండగా మునెప్ప గుమ్మంలో నిలబడి చూశాడు. తన కాళ్ళు మరచిపోయిన మాటను ఆ పుల్ల చెప్పగలదని అతనికి తట్టింది. ఆ సాయంత్రం పుల్ల అతని పంచెమడతలోకి చేరింది; క్యాను మూతలకు కట్టే నీలం దారం కూడా కొంత.

కట్టమీద స్కూటర్ల చప్పుడు వినిపించింది. మునెప్ప తువ్వాలు విప్పి రాతిమీద పెట్టాడు. పొడవాటి, బక్కపలచని మనిషి. భుజాలు మాత్రం వయసుకు లొంగక వెడల్పుగా నిలిచాయి. ఎదమీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. పక్కటెముకలను ఆరవేసిన చేపవలె లెక్కించవచ్చును. మోకాళ్ళ కింద చర్మం మాత్రం నల్లబడి, నూనె పూసినట్టు మెరుస్తూ, పై శరీరానికి సంబంధం లేనట్టు ఉంటుంది. అతడు ముల్లు గాయం మానక కట్టిన మడమకట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ ఎదలోతుకు నడిచి, ఒక మునక వేసి లేచి, అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఏం మునెప్పా, నీళ్ళెట్లుండాయి?" అని గట్టునుంచి అరిచాడు మురళీధర్. టమాటా మండీలో వ్యాపారి. అతనికంటే ముందు అతని పొట్ట గట్టుకు చేరుతుంది. "నేను దిగితే చెరువు పొంగి మరవ పారతాదేమో, సూసి చెప్పు!"

"మరవ పారితే పారనీలేప్పా, కింది మడికన్నా నీళ్ళు పోతాయి. దిగండప్పా, దిగండి! వెచ్చంగా ఉండాయి."

"పోయిన వారం గూడా ఇదే మాట అంటివి. దిగితే నా పండ్లు తాళం వేసినాయి."

"అది నీళ్ళ తప్పు కాదు. రాత్రి పెండ్లింట్లో నువ్వు తినిన ఐస్‌క్రీం తప్పు."

అందరూ నవ్వారు. బ్యాంకులో పదవీ విరమణ చేసిన సుబ్రమణ్యం, రబ్బరు టోపీని చెవులమీదికి లాక్కుంటూ, "మునెప్ప మాట అంటే మాటే. దానికి మళ్ళీ పరీక్ష లేదు" అన్నాడు. మునెప్ప నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ మెప్పు ప్రతి ఉదయం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది; ప్రతి ఉదయం అది ముల్లువలె గుచ్చుకుంటుంది. ఈ ముల్లు మాత్రం తెలుస్తుంది.

అందరూ గట్టు వెంబడి ఈదుతున్నారు. పడమటి ఒడ్డున ఎవరిదో ఎనుము నీటిలోకి దిగింది. పొట్ట తడిసేవరకు వచ్చి, ముట్టె ఎత్తి బుస్సుమని, తిరిగి గట్టెక్కి నిలబడింది. మునెప్ప చూశాడు. ఎండ పడుతున్న వేళ ఎనుము నీరు వదలి గట్టెక్కడం వింతే. అంతలో వెనుకనుంచి పిలుపు వినిపించి అతని దృష్టి మరలింది.

పిలిచినది స్వర్ణలత. మదనపల్లె ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు ఎక్కలేని స్థితిలో, డాక్టరు ఈత మంచిదంటే ఈ చెరువుకు వచ్చింది. యాభై దాటిన తరువాత, మునెప్ప అరచేయి పొత్తికడుపు కింద ఆసరాగా ఉండగా, నీటిమీద తేలడం నేర్చుకున్నది. బాగానే ఈదుతుంది. కాని కాలు నేలకు అందని చోటికి ఎన్నడూ పోలేదు.

"మునెప్పా, బడి విడిచాక వస్తాను. ఈ రోజు బండ దాకా పోతాను" అన్నది గొంతు తగ్గించి.

"ఇయ్యాలే యాలమ్మా? శివరాత్రి కానీ. చలి శివశివా అంటా పోతాది."

"గురువారం మోకాలి ఆపరేషన్. ఆ తరువాత నీళ్ళలోకి ఎప్పుడు దిగనిస్తారో, అసలు దిగనిస్తారో లేదో. రెండేళ్ళుగా ఆ బండను చూస్తున్నాను. ఒక్కసారి దానిమీద కూర్చుని రావాలి."

"ఇప్పుడే పోదాం పా, నేను పక్కనే వస్తా."

"వీళ్ళ ముందా? మురళీధర్ వీడియో తీసి గ్రూపులో పెడితే, రేపు బడిలో పిల్లలు నాకే చూపిస్తారు."

మునెప్ప బండ వైపు చూశాడు. తన చేతిలో తేలిన మనిషి. రెండేళ్ళ కిందట ముఖం తడిస్తేనే కేక వేసిన మనిషి. అతనికి గర్వం కలిగింది. ఆ గర్వమే ఆలోచించనీయలేదు.

"రామ్మా. పొద్దు వాలే యాలకు పైనీళ్ళు బాగా కాగింటాయి. నేనుంటా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆదెమ్మ పాలకేంద్రం నుంచి తిరిగి వచ్చి, రాగిముద్ద కెలుకుతున్నది. మొగుడిని తిన్నెమీద కూర్చోబెట్టి, పాదాలు తన ఒడిలోకి తీసుకుని, వేలికి వేలికి నడుమ పాత చీరముక్కతో తుడిచింది. అది ఆమె నిత్యకృత్యం.

"ఆ గాజుపుల్ల యాడ పాయనో ఏమో. సూపర్‌వైజరు ఇయ్యాల మళ్ళీ అడిగినాడు. పుల్లేమన్నా కాళ్ళొచ్చి నడిసిపాయనా అంటాడు."

మునెప్ప ముద్దలో గుంట చేసి పులుసు పోసుకున్నాడు.

"కాళ్ళుండేవాళ్ళే సరిగ్గా నడవలేక సస్తాండాము. దానికెట్లా వస్తాయి" అన్నది ఆమె, మడమకట్టు విప్పుతూ. "పుండు మళ్ళీ నెమ్ముకుండాది. నీళ్ళల్లో దిగొద్దంటే ఇనవు. బిడ్డ రమ్మంటాది, పోవు. ఆ చెరువేమన్నా నువ్వు లేకుంటే ఎండిపోతాదా?"

"పోతాలే. శివరాత్రి కానీ."

"నీ శివరాత్రి ఎన్ని నెలలకొకసారి వస్తాదో ఆ శివునికే తెలియాల."

అతడు సగం ముద్ద విడిచి లేచాడు. కాసేపు నులకమంచం మీద కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. వాకిలి దాకా పోయి చెరువు వైపు చూశాడు. ఏదో మరచిపోయి వచ్చినట్టున్నది, అదేమిటో తోచడం లేదు. ఎనుము గుర్తుకు వచ్చింది. మాఘంలో, ఎండ వేళ, నీటిలోకి దిగిన ఎనుము ఎందుకు తిరిగి వచ్చింది? పొట్టకింద దానికి ఏమి తగిలింది? తన కాళ్ళకు మాత్రం ఏమీ తగల్లేదు. తగలలేదా, తగిలినా తెలియలేదా?

"ఆసుపత్రికి పోయి కట్టు మార్చుకోనొస్తా" అని ఆదెమ్మతో చెప్పి పుంగనూరు బస్సు ఎక్కాడు.

బస్సు పుంగనూరు పొలిమేరకు వస్తుండగా అతడు కిటికీ లోనుంచి కాలువను చూశాడు. నిన్నమొన్నటి వరకు అడుగున పిచ్చిచెట్లు మొలిచి, ప్లాస్టిక్ సంచులు తగులుకుని ఉన్న కాలువ గట్ల నిండుగా, చప్పుడు లేకుండా పారుతున్నది.

"ఆపప్పా! నిలుపు!" అని లేచి నిలబడ్డాడు.

"పుంగనూరుకు టికెట్టు తీసి ఈడ దిగుతావా, ముసలాయనా? మిగతా దూరం నీ బదులు ఎవురు పోవాల?" అన్నాడు కండక్టరు. అయినా విజిల్ ఊదాడు.

వంతెన పక్కన గోపాలస్వామి అనే ఆయన టీ అంగడి ఉన్నది. మునెప్ప రొప్పుతూ అడిగాడు. "ఈ నీళ్ళు ఎప్పుడొచ్చినాయప్పా?"

"రాత్రి వదిలినారు. చలికి తోడు ఈ నీళ్ళ గాలొకటి, కంబళి తియ్యనీలా. మీ చెరువులోకే గదా మళ్ళించింది." గోపాలస్వామి టీ గ్లాసు కడగడం ఆపి అతనిని ఎగాదిగా చూశాడు. "నువ్వు నల్లబండ నీరుగంటివి గదా? నీకే తెల్లేదా?"

మునెప్ప గట్టు దిగాడు. ముందు పాదాలు పెట్టాడు. పారే నీరు వాటిని రాసుకుంటూ పోతున్నది. ఎవరో విడిచిపోయిన చెప్పులను చూసినట్టు అతడు తన పాదాలను చూశాడు. తరువాత వంగి, మోచేతి వరకు చేయి ముంచాడు. కొడవలి అంచు మీద చేయి వేసినట్టు వెనక్కి లాక్కున్నాడు. రాత్రి పొడుగునా మంచులో, రాతికొండల నడుమ పారివచ్చిన నీరది.

అప్పుడు ఉదయపు చెరువు అతనికి అర్థమైనది. చల్లని నీరు బరువు నీరు. చెరువులో చేరిన నీరు పైనీటితో కలవదు. పాత వంక పల్లం పట్టుకుని, దొంగవలె అడుగునే పాకుతూ, నేరుగా నల్లబండ కిందికి చేరుతుంది. పైన ఎండకు కాగిన నీరు దుప్పటివలె కప్పి ఉంటుంది. గాజుపుల్ల వేలాడేది ఆ దుప్పటిలోనే. దానికి అడుగు తెలియదు. ఒకప్పుడు వడగళ్ళ వాన కురిసిన మరునాడు ఇట్లాగే జరిగితే, బండ దగ్గర ఒక బలశాలికి కాలు కిందికి జారిన క్షణంలో పిక్కలు పట్టేసి, కేక కూడా రాకుండా మునిగిపోతుంటే, మునెప్పే జుట్టు పట్టి ఈడ్చుకుని వచ్చాడు. అప్పుడు అతని అరికాళ్ళు ముందే చెప్పాయి. గట్టుమీద కాచుకుని ఉన్నాడు. ఈ ఉదయం ఆ అరికాళ్ళు ఆ చలిలోనే నిలిచి ఉన్నాయి. కబురు మాత్రం అందలేదు.

గట్టు వెంబడి ఈదినవారికి నీరు లోతు లేదు గనుక ఏమీ కాలేదు. సాయంత్రం స్వర్ణలత పోయేది బండ దగ్గరికి.

అతడు ఆమెకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. తరగతిలో ఫోను చప్పుడు ఆపి పెట్టే మనిషి ఆమె. సుబ్రమణ్యానికి చేయబోయి, ఏమని చెప్పాలో తోచక, చేతిలోని ఫోనును అట్లే చూస్తూ ఉండిపోయాడు. పొద్దున వెచ్చగా ఉన్నదన్న నీరు ఇప్పుడు చెడినదని చెబితే, ఎట్లా తెలిసిందని అడుగుతారు. పొద్దున ఎట్లా తెలియలేదని కూడా అడుగుతారు.

మదనపల్లె వైపు పోయే బస్సు ఎంతకీ రాలేదు. కడకు టమాటాలు దించి ఖాళీ క్రేట్లతో తిరిగివస్తున్న ఒక ఆటోలో చోటు దొరికింది. మునెప్ప క్రేట్ల మీద కూర్చుని, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ప్రతి మలుపులో ముందుకు వంగుతున్నాడు, తాను వంగితే బండి ఇంకొంచెం తొందరగా పోతుందన్నట్టు. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. "తోలప్పా, తోలు" అన్నాడు. డ్రైవరు, "గొర్రెల మీద నుంచి తోలేదా, తాతా?" అన్నాడు. మునెప్పే దిగి, తువ్వాలు విసురుతూ, హోయ్ హోయ్ అంటూ గొర్రెలను అదిలించాడు. తిరిగి ఎక్కేటప్పుడు ఎడమ రొమ్ములో ఏదో పిడికిలి బిగించినట్టయింది. గాలి మింగి, కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ ఫోను చేశాడు. ఈసారీ మోగి ఆగింది.

కట్ట ఎక్కేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. కింద తూము పక్కన ఆమె స్కూటరు హెల్మెట్ ఉన్నది, చెప్పులు ఉన్నాయి. మునెప్ప గబగబ మెట్లు దిగాడు. రాతికంబాన్ని పట్టుకుని వంగి చూశాడు.

స్వర్ణలత నీటి అంచున మెట్టుమీద కూర్చుని ఉన్నది. ఈతదుస్తులు వేసుకుని, నెరిసిన జుట్టు ముడివేసుకుని, తరగతిగది బయట పిలుపుకోసం కాచుకున్న విద్యార్థినివలె. పాదాలు కూడా తడవలేదు.

"యాల దిగలేదమ్మా?" అన్నాడు అతడు రొప్పుతూ.

"నువ్వు పిలవకుండా దిగుతానా?" అన్నది ఆమె. "ఎంతసేపైందో తెలుసా వచ్చి! ఫోను స్కూటరు డిక్కీలో ఉంది. నువ్వు రావేమో అనుకున్నాను."

మునెప్ప రాతిమీద కూలబడ్డాడు. "ఇయ్యాల వద్దమ్మా."

"పొద్దున రమ్మన్నావు!"

"అప్పుడన్నాను. ఇప్పుడు వద్దంటాండా."

"చేయి పెట్టి చూశాను, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మునెప్పా, గురువారం ఆపరేషన్ అని చెప్పాను కదా. ఈ ఒక్క రోజే నాకు ఉన్నది. కారణమేమిటో చెప్పు. లెక్క చూపించకుండా జవాబు చెబితే నేను మా పిల్లలకే మార్కులు వెయ్యను."

అతడు ఆమె ముఖం చూడలేదు. ఒక్కటే తోచింది. "నేను పోయి సూసొస్తా. నువ్వు ఈడే ఉండు" అని చొక్కా విప్పి, మడమకు కవరు కూడా చుట్టకుండా నీటిలోకి దిగాడు.

ఎదలోతు దాటగానే అతని శరీరం ముప్పై ఏళ్ళు వెనక్కి పోయింది. చేతులు బారలు బారలుగా నీటిని కోస్తున్నాయి. బండ దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, తలకిందులుగా మునిగాడు. నడుములోతు దాటగానే దుప్పటి అయిపోయింది. నుదురుకు, కళ్ళకు, ఎదకు, పొట్టకు చలి ఒక్కసారిగా కొట్టింది. ఎన్నో నెలల తరువాత చెరువు అడుగు అతనికి తెలిసింది. కాళ్ళు చెప్పలేదు, గుండె చెప్పింది. ఆ చలిలో, తండ్రి వెంట మొదటిసారి తూముబిరడా కోసం మునిగిన రోజువలె, అతనికి భయం, సంతోషం ఒక్కటిగా కలిగాయి. పైకి వచ్చి, రెండు చేతులు తలపైన అడ్డంగా ఊపాడు. వద్దు, వద్దు.

తిరిగి వచ్చేటప్పుడు వెల్లకిలా, మెల్లగా వచ్చాడు. స్వర్ణలత చేయి అందించి మెట్టుమీద కూర్చోబెట్టింది. పెదవులు నల్లబడ్డాయి. ఆమె తన తువ్వాలు అతని భుజాలమీద కప్పింది.

"కాలవ నీళ్ళొచ్చినాయమ్మా. అడుగున మంచుగడ్డ మాదిరి ఉండాది. బండకాడ కాలు కిందికి పోతే పిక్కలు పట్టేస్తాయి."

"ఇది పొద్దున తెలియలేదా నీకు?"

అతడు రెండు పాదాలను నీటిలోకి దించి, వాటినే చూశాడు.

"నా కాళ్ళకు ఏమీ తెల్లేదమ్మా. కార్తీకం నుంచి. ముల్లు గుచ్చినా తెల్ల, నిప్పు తొక్కినా తెల్ల. ఆ గాజుపుల్లను సూసి మీకు చెప్తాండా." గడ్డంతో రాతికంబాన్ని, నీలం దారాన్ని చూపించాడు. "అది నడుము కాడికే చెప్తాది. ఆ కింద నేను చెప్పేదంతా ఒట్టి మాట."

స్వర్ణలత దారాన్ని చూసింది, అతని పాదాలను చూసింది. ఆమె ముఖం, తప్పు చేసిన విద్యార్థిని నిలబెట్టినప్పటివలె బిగుసుకున్నది.

"అందరమూ దిగాము మునెప్పా. ఇన్ని నెలలూ. నీ మాట మీద."

"అవునమ్మా. అందుకే నాకు ఒక్క తావున కాలు నిలవలా." అతడు నవ్వబోయాడు. "రేపు సుబ్రమణ్యం సారుకు నేనే చెప్తా. కుప్పం పోతా, బిడ్డ కాడికి."

ఆమె ఏదో కటువైన మాట అనబోయి, వణుకుతున్న ఆ భుజాలను చూసి ఆగిపోయింది. "ముందు వేడిగా ఏదైనా తాగు. డిక్కీలో టీ ఫ్లాస్కు ఉంది. కదలకు" అని లేచి, మోకాలిమీద చేయి ఊనుకుంటూ కట్టమెట్లు ఎక్కసాగింది. నాలుగు మెట్లెక్కి వెనక్కి తిరిగి, "ఆపరేషన్ అయ్యాక నన్ను బండ దాకా తీసుకుపోవలసింది నువ్వే. కుప్పం పోయినా సరే, వచ్చి తీసుకుపోవాలి" అన్నది.

"వస్తానమ్మా" అన్నాడు మునెప్ప. "చైత్రంలో రా. అప్పుడు నీళ్ళు బాగుంటాయి."

ఆమె ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు తీసుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వచ్చేసరికి అతడు రాతికంబానికి వీపు ఆనించి, చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. తువ్వాలు ఒక భుజం నుంచి జారింది. వణుకు ఆగిపోయింది. ఆగినందుకు ఆమె సంతోషించింది. గ్లాసులో టీ పోసి అతని చేతికి అందించింది. చేయి అందుకోలేదు. "మునెప్పా" అన్నది. మళ్ళీ, బడిలో వెనుక బెంచీ వరకు వినిపించే గొంతుతో, "మునెప్పా!" అన్నది. అతని పాదాలు రెండూ నీటిలో ఉన్నాయి. చిన్న చేపపిల్లలు వచ్చి వేళ్ళను పొడిచి చూసి పోతున్నాయి.

మరునాడు మదనపల్లె నుంచి వచ్చిన పెద్దమనుషులు గట్టుమీద వరుసగా నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. పిలిచేవారు లేరు. మురళీధర్ తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఎవరూ దిగలేదు.

మునీశ్వరి కుప్పం నుంచి వచ్చి, తండ్రి పాదాలను చేతుల్లోకి తీసుకుని, మడమకట్టు వాసన చూసి, ఏడవకుండా కూర్చున్నది. దినవారాలు ముగిసిన తరువాత ఆదెమ్మ ఒంటరిగా చెరువుకు వచ్చింది. మొగుడు కూర్చున్న మెట్టు మీద కూర్చున్నది. రాతికంబానికి నీలం దారం కనిపించింది. పాలక్యానుల మూతలకు రోజూ తన చేతులతో ముడివేసే దారం. ఆ ముడి మాత్రం తనది కాదు, నీరుగంటి ముడి. ఆమె దారాన్ని పైకి లాగింది. గాజుపుల్లను చీరచెంగుతో తుడిచి, అలవాటు చొప్పున గీత ఎక్కడున్నదో చూసింది. ఎంతోసేపు దానిని అరచేతిలో పట్టుకుని కూర్చున్నది. తరువాత, దారం చిక్కుపడకుండా, తిరిగి నీటిలోకి జారవిడిచింది. పుల్ల పగిలిపోయిందని సూపర్‌వైజరుతో చెప్పింది.

శివరాత్రి వెళ్ళింది. ఫాల్గుణం ఎండలు వచ్చాయి. కాలువ నీరు ఆగిపోయింది. ఎనుములు మళ్ళీ మెడలోతు దిగి, కళ్ళు మూసుకుని నిలబడుతున్నాయి. తూము దగ్గర, నడుములోతున, నీలం దారం చివర, గాజుపుల్లలోని సన్నని వెండిగీత చైత్రం వైపు ఒక్కొక్క గడే ఎక్కుతూ ఉన్నది.